మబ్బుల అంచున మూడు రాత్రుల అద్దె ఇల్లు

సౌదీలో చలి దుప్పటి కప్పుకునే చోటు అసీర్.. అక్కడి వేసవి విడుదుల్లో మేము చూసినవి, విన్నవి

రియాద్‌లో జులై మధ్యాహ్నం రెండింటికి కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అదే రోజు, అదే దేశంలో, కిటికీ తెరిస్తే మబ్బు గదిలోకి వచ్చే చోటు ఒకటుంది. దేశానికి నైరుతి మూలన, యెమెన్ సరిహద్దుకు చేరువలో ఉన్న అసీర్ ప్రాంతం అది. రాజధాని అబహా. సౌదీలో పదేళ్లు ఉన్న మన కుటుంబాల్లో కూడా ఉమ్రా కోసం మక్కా వైపు వెళ్లే స్నేహితుల్ని, సముద్రం కోసం జెద్దా, దమ్మాం వెళ్లినవాళ్లని చూశాను గానీ, అబహా వెళ్లొచ్చామన్నవారు తక్కువే. మేమూ గత జులై వరకు వెళ్లలేదు.

వెళ్లడానికి కారణం ఉత్సాహం కన్నా లెక్కలే. వేసవి సెలవుల్లో నలుగురికి హైదరాబాద్ టికెట్లంటే ఎంతవుతుందో ఈ పేజీ చదివేవారికి చెప్పక్కర్లేదు. దానికి తోడు 2017 జులైలో మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలైన డిపెండెంట్ రుసుము ఏటా 100 చొప్పున పెరిగి 2020 నాటికి 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవారికి ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ భారం మోయలేక కుటుంబాన్ని ఇంటికి పంపేసి, తిరిగి గదుల్లో చేరినవాళ్లు మన చుట్టూ ఎందరో. ఉన్నవాళ్లం ఏడాది విడిచి ఏడాది ఇండియా వెళ్తున్నాం. వెళ్లని ఏడాది పిల్లలు రెండు నెలలు ఏసీ గదుల్లో, మాల్స్‌లో గడపాలి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. కొండ ఎక్కడమంటే వాడికి ఎస్కలేటరే. అందుకని మా పక్క ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు కుటుంబం, మేము కలిసి సౌదా కొండ మీద ఓ ఇల్లు మూడు రాత్రులకు తీసుకున్నాం.

ఎడారి దేశంలో చలి ఎక్కడిది?

అబహా సముద్ర మట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు పైకి వెళితే సౌదా. ఆ కొండ ఎత్తు 3,015 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. అరకులో పొగమంచు చూసి మురిసిపోయినవాళ్లకు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

ఎర్ర సముద్రం పక్కన తిహామా అనే సన్నటి మైదానం ఉంటుంది. అక్కడ ఎండ, ఉక్క విపరీతం. ఆ మైదానం అంచున కొండలు గోడ కట్టినట్టు ఒక్కసారిగా లేస్తాయి. సముద్రం మీది తేమగాలి ఆ గోడను తాకి పైకెక్కి, చల్లబడి మబ్బవుతుంది. దేశంలో ఎక్కువ వర్షం పడేది ఇక్కడే. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో జల్లు పడటం మామూలే. ఆ వాన మీద ఆధారపడే తరతరాల రైతులు కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి గోధుమ, బార్లీ పండించారు. రాతి కట్టలు కట్టిన ఆ మడులు ఇప్పటికీ కనిపిస్తాయి. పైన జూనిపర్ అడవి. స్థానికులు ఆ చెట్టును అర్‌అర్ అంటారు.

రియాద్ నుంచి అబహాకు కారులో దాదాపు వెయ్యి కిలోమీటర్లు, విమానంలో రెండు గంటల లోపే. మేము విమానంలో వెళ్లి అక్కడ కారు అద్దెకు తీసుకున్నాం. విమానాశ్రయం తలుపు దాటగానే మా నెల్లూరు వదిన పైట చెంగు భుజం చుట్టూ లాక్కుంది. సౌదీలో ఆమె అలా చేయడం అదే మొదటిసారి అనుకుంటా.

ఇల్లు ఎలా ఉందంటే..

సౌదీలో కుటుంబాలు అద్దెకు తీసుకునే విడుదుల్లో రెండు రకాలు మనకు తెలిసినవే. ఊరి చివర గోడల మధ్య ఈత కొలను, పచ్చిక ఉండే ఇస్తిరాహా ఒకటి. సముద్రం ఒడ్డున ఉండే షాలే రెండోది. కొండ మీది ఇళ్లు ఈ రెండింటికీ భిన్నం. ఇస్తిరాహాలో గోడలు ఎంత ఎత్తుంటే అంత మంచిదనుకుంటారు. ఇక్కడ లోయ వైపు గోడే ఉండదు, నిలువెత్తు అద్దం ఉంటుంది. మాకు దొరికిన ఇంట్లో మూడు పడక గదులు, ఒక మజ్లిస్, వంటిల్లు, చెక్క నేల వేసిన వరండా. సొంతదారు అబహాలో ఉంటారు. తాతల నాటి మెట్ల పొలం చివర కట్టుకున్న ఇల్లు. రాత్రికి 900 రియాళ్లు. రెండు కుటుంబాలు పంచుకుంటే భరించగలిగాం.

ఇల్లు కొత్తదే. రూపు మాత్రం పాతది. అసీర్ పాత ఇళ్ల మట్టి గోడల్లోంచి పలకరాళ్లు వరుసలుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని రఖఫ్ అంటారు. వాన నీరు గోడను నానబెట్టకుండా ఆ రాళ్ల మీదుగా జారి దూరంగా పడుతుంది. మన పెంకుటింటి చూరు చేసే పనే, ఇక్కడ గోడ పొడవునా చేస్తుంది. మేమున్న ఇంటికి అది అలంకారంగా మాత్రమే పెట్టారు, లోపల కాంక్రీటే.

మజ్లిస్ గోడల మీద నడుమెత్తు వరకు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో త్రికోణాలు, గళ్లు, చుక్కలు. మా ఆవిడ చూడగానే ‘ముగ్గులు గోడెక్కాయి’ అంది. ఆ మాట పెద్దగా తప్పు కాదు. దాన్ని అల్ ఖత్ అల్ అసీరీ అంటారు. ఇంటి ఆడవాళ్లే వేస్తారు. బంధువుల ఇళ్ల నుంచి ఆడవాళ్లందరినీ పిలుచుకుని, అతిథులు కూర్చునే గదికి కలిసి రంగులు వేస్తారు. తల్లి నుంచి కూతురు చూసి నేర్చుకునే విద్య. 2017లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. మన ముగ్గు తెల్లారితే చెరిగిపోతుంది, ఇది ఏళ్ల తరబడి ఉంటుంది. తేడా అంతే.

సాయంత్రం నాలుగింటికి లోయ కనిపించింది. నాలుగున్నరకు లోయ లేదు, తెల్లటి తెర. ఐదింటికి ఆ తెర వరండా దాటి లోపలికొచ్చింది. మా అబ్బాయి దాన్ని పట్టుకోవడానికి చేతులు చాపి పరిగెత్తాడు. తలంతా తడిసి వచ్చి, ‘నాన్నా, మబ్బుకి వాసన ఉంది’ అన్నాడు. తడి మట్టి, జూనిపర్ ఆకు కలిసిన వాసన అది. మేం చిన్నప్పుడు ఉచితంగా పీల్చిన తడి మట్టి వాసన కోసం ఇప్పుడు టికెట్ కొనాల్సి వచ్చింది.

పప్పు ఉడకని కొండ

మనవాళ్లు ఎక్కడికెళ్లినా వంటిల్లు ఉందా అని ముందు అడుగుతారు. అందులో తప్పేం లేదు, ముఖ్యంగా శాకాహారులు ఉంటే. అయితే ఈ ఎత్తున ఓ చిక్కుంది. మూడు వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. కుతకుత మంటున్నా ఆ వేడి చాలదు. మామూలు గిన్నెలో కందిపప్పు గంటైనా పలుకుపలుకుగానే ఉంటుంది. వదిన రియాద్ నుంచి ప్రెషర్ కుక్కర్ మోసుకొచ్చింది కాబట్టి గట్టెక్కాం. కుక్కర్‌లో ఒత్తిడి పెరుగుతుంది గనుక ఆ బాధ ఉండదు. అయినా రెండు విజిల్స్ ఎక్కువే పెట్టాల్సి వచ్చింది.

బయట తినేవారికి అసీర్‌లో ప్రత్యేకమైనవి ఉన్నాయి. మాంసాన్ని ఆకులతో కప్పి గుంత పొయ్యిలో నెమ్మదిగా మగ్గించే హనీద్ ఒకటి. గోధుమ రొట్టెను మెత్తగా నలిపి మధ్యలో నెయ్యి, తేనె పోసి పెట్టే అరీకా ఇంకొకటి. అరీకా తింటుంటే మన మలీద గుర్తొస్తుంది. తేనె ఇక్కడ పేరున్న సరుకు. రిజాల్ అల్మా తేనెటీగల పెంపకానికి పెట్టింది పేరు.

రాతి మేడలు, తాడు ఊరు

రెండో రోజు రిజాల్ అల్మా వెళ్లాం. అబహాకు పడమరగా 45 కిలోమీటర్ల దూరం. సౌదా నుంచి అఖబత్ సమ్మా అనే ఘాట్ దారి ఉంది. కిందికి దిగుతుంటే చెవులు దిబ్బడేస్తాయి. గంట కిందట స్వెటర్ వేసుకున్న పిల్లలు కిందికి చేరేసరికి చొక్కా బొత్తాలు విప్పారు.

ఆ పల్లెలో అరవై దాకా రాతి మేడలు కొండను ఆనుకుని నిలబడి ఉంటాయి. కొన్ని నాలుగైదు అంతస్తులు. రాయి, మట్టి, కర్రతో కట్టినవే. కిటికీల చుట్టూ తెల్లటి పలుగురాయి ముక్కలు పొదిగి ఉంటాయి. యెమెన్ నుంచి, ఎర్ర సముద్రం రేవుల నుంచి మక్కా వైపు సాగే బిడారులకు ఇది దారిలో మజిలీ. ఆ వ్యాపారం డబ్బే ఈ మేడలుగా లేచింది. ఇళ్లు పాడుబడుతుంటే 1980లలో ఊరివాళ్లే పూనుకుని ఒక కోటలాంటి మేడను బాగుచేసి మ్యూజియంగా మార్చారు. ఆడవాళ్లు తమ వెండి నగలు తెచ్చి అందులో పెట్టారు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో రిజాల్ అల్మా ఉంది. ఇక్కడి మగవాళ్లు తలకు పూలు, సువాసన ఆకులు చుట్టుకుంటారు. మా అబ్బాయి కూడా ఒకటి పెట్టించుకుని రియాద్ చేరేదాకా తియ్యలేదు.

మర్నాడు హబాలా చూశాం. అబహా నుంచి సుమారు 60 కిలోమీటర్లు. అరబ్బీలో హబ్ల్ అంటే తాడు. నిట్టనిలువు కొండ చరియకు మధ్యలో ఒక అరుగులాంటి చోట ఖహతాన్ తెగవాళ్లు ఊరు కట్టుకున్నారు. అక్కడికి తాళ్లు, తాటి నిచ్చెనలే దారి. 1980 ప్రాంతంలో ప్రభుత్వం వారిని పైన కొత్త ఊరు కట్టి తరలించింది. తర్వాత పర్యాటకుల కోసం కేబుల్ కారు పెట్టారు. ప్రాణభయంతో దాక్కున్న చోటు ఇప్పుడు సెల్ఫీల చోటు అయింది.

తాళం తీసిన మనిషి

మూడు రోజుల్లో మేము ఎక్కువగా మాట్లాడింది మాత్రం ఇంటి హారిస్‌తో. మొదటి రోజు తాళం తీసి, అరబ్బీలో గీజర్ స్విచ్ చూపిస్తున్నాడు. మా ఆవిడ వెనక్కి తిరిగి, ‘ఒరేయ్, చెప్పులు బయట విడువు’ అని పిల్లాడిని కేకేసింది. అంతే, ఆయన మొహం మారిపోయింది. ‘మీరు మనోళ్లేనా మేడమ్?’ అన్నాడు. ఆర్మూర్ దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. వచ్చి పదహారేళ్లు. ముందు గొర్రెల దగ్గర, తర్వాత కఫీల్ పొలంలో, ఇప్పుడు ఈ ఇల్లు చూసుకుంటున్నాడు. మొక్కలకు నీళ్లు, గదులు తుడవడం, దుప్పట్లు ఉతకడం, కోతుల్ని తరమడం అన్నీ ఆయనే. జీతం ఎంతని నేను అడగలేదు. ఇక్కడ ఉండేవాళ్లకు అది అడక్కుండానే అంచనా తెలుస్తుంది.

ఆ రాత్రి భోజనానికి పిలిచాం. ముందు వద్దన్నాడు. ఆవకాయ మాట చెప్పాక వచ్చాడు. వరండాలో మాతో కూర్చుని ముద్దపప్పు కలుపుకుంటూ తన ఇంటి సంగతి చెప్పాడు.

‘ఇల్లు కట్టిన సార్. రెండంతస్తులు. పైన బాల్కనీ పెట్టిచ్చిన. ఆడ కూసుంటే చెరువు మొత్తం కనవడ్తది. గృహప్రవేశమైనంక మూడుసార్లు పోయొచ్చిన. అన్నీ కలిపితే ఆరు నెలలు గూడ పండుకోలే గా ఇంట్ల.’

ఎవరమూ ఏమీ అనలేదు. మా హైదరాబాద్ ఫ్లాట్‌కు తాళం వేసి ఉంది. నెల్లూరు అన్నయ్య ఊళ్లో కట్టుకున్న ఇంట్లో కింది భాగం అద్దెకిచ్చారు, పైభాగం మూసే ఉంటుంది. వయసంతా పెట్టి కట్టుకున్న ఇళ్లు అక్కడ ఖాళీగా ఉన్నాయి, మేము ఇక్కడ ఇంకొకరి ఇంటికి రాత్రికింత అని కడుతున్నాం. ఆయన ఇంకొకరి ఇంటిని అద్దంలా తుడుస్తున్నాడు.

ఇంకో సంగతి. ఇలాంటి ఇళ్ల ప్రకటనల్లో ‘అవాయిల్’ అని ఉంటుంది, అంటే కుటుంబాలకే. ఉజ్జాబ్‌కు, అంటే ఒంటరి మగవాళ్లకు, చాలాచోట్ల ఇవ్వరు. పెళ్లీడు కూతురు, డిగ్రీ చదివే కొడుకు ఉన్న ఆయన గల్ఫ్ లెక్కలో బ్యాచిలర్. అబహా, ఖమీస్ ముషైత్ చుట్టుపక్కల పనిచేసే మన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఈ లెక్కలోని బ్యాచిలర్లే. ఈ చలి, ఈ మబ్బు వాళ్లకు రోజూ ఉన్నవే. చూపించడానికి మనిషే లేరు.

చట్టంలోనూ వాళ్ల వరుస వేరు. 2021 మార్చిలో అమల్లోకి వచ్చిన కార్మిక సంస్కరణల వల్ల ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు కొన్ని షరతులతో కఫీల్ అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చు, ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవచ్చు. ఇంటి పనివారు, సొంత డ్రైవర్లు, ఇంటి కాపలాదారులు, తోటమాలులు, పొలం పనివారు, గొర్రెల కాపరులకు అది వర్తించదు. వాళ్లు ఇంటికి వెళ్లాలంటే కఫీల్ మనసు మంచిదై ఉండాలి. ‘మా కఫీల్ మంచోడే, అడిగితే పంపుతడు’ అన్నాడాయన. మంచివాడు కాకపోతే? ఆ ప్రశ్న నేను అడగలేదు, ఆయన మొదట ఎక్కడ పనిచేశాడో చెబుతున్నప్పుడు జవాబు కొంత అర్థమైంది.

బయల్దేరే రోజు పొద్దున ఆయనే ఒక కోరిక కోరాడు. వరండాలో లోయ వైపు ఉన్న వాలు కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయమన్నాడు. ‘రోజూ తుడుస్త గని ఎన్నడు కూసోలే సార్.’ చొక్కా మార్చుకొచ్చాడు. నాలుగు ఫోటోలు తీశాను. మబ్బు రాకముందే తీశాం గనుక వెనక లోయ బాగా వచ్చింది. అప్పటికప్పుడు బిడ్డకు వాట్సాప్‌లో పంపాడు.

రాబోయే సౌదా

ఈ కొండ త్వరలో చాలా మారబోతోంది. 2023 సెప్టెంబరులో యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ ‘సౌదా పీక్స్’ ప్రణాళికను ప్రకటించారు. సౌదాను, రిజాల్ అల్మాలో కొంత భాగాన్ని కలిపి కట్టే విలాస పర్యాటక కేంద్రం అది. 2033 నాటికి 2,700 హోటల్ గదులు, 1,336 నివాసాలు, ఏడాదికి 20 లక్షలకు పైగా సందర్శకులు లక్ష్యం. దీనికి డబ్బు పెడుతున్నది దేశ సార్వభౌమ పెట్టుబడి నిధి.

అప్పుడు కొండ మీద చూపు ఖరీదు పెరుగుతుంది. మనలాంటి మధ్యతరగతి కుటుంబాలు కుక్కర్ పట్టుకుని వెళ్లి దిగే ఇళ్లు ఎన్ని మిగులుతాయో చూడాలి. పని మాత్రం పెరుగుతుంది. ఆ గదుల్లో దుప్పట్లు మార్చేవారిలో, తోటలు చూసేవారిలో మన జిల్లాల వారు తప్పకుండా ఉంటారు. వ్యక్తుల కింద కాకుండా కంపెనీల కింద చేరితే సంస్కరణల పరిధిలోకి వస్తారు. ఇంటి నుంచి బయల్దేరేముందు వీసా మీద ఏ వృత్తి రాసి ఉందో చూసుకోవడం అందుకే ముఖ్యం. ఊళ్లో ఎవరైనా గల్ఫ్ వీసా వచ్చిందని చెబితే ఈ ఒక్క ముక్క వారి చెవిన వేయండి.

వెళ్లాలనుకునేవారికి

- రద్దీ జూన్ నుంచి ఆగస్టు దాకా. గురు, శుక్రవారం రాత్రుల అద్దె మిగతా రోజుల కన్నా బాగా ఎక్కువ. ఆదివారం నుంచి బుధవారం మధ్య వెళితే కలిసొస్తుంది.
- ‘గాదరిన్’ లాంటి స్థానిక యాప్‌లలో కొండ మీది ఇళ్లు దొరుకుతాయి. పర్యాటక శాఖ లైసెన్సు సంఖ్య ఉన్న ఇంటినే తీసుకోండి. ఫోటోలో లోయ కనిపించినా, అది వరండా నుంచి కనిపిస్తుందో, రెండు కిలోమీటర్ల అవతల నుంచో ముందే అడగండి.
- అందరి ఇకామాలు, విజిట్ వీసాపై వచ్చిన తల్లిదండ్రుల పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి. పెద్దవాళ్లకు బీపీ, ఆయాసం ఉంటే మొదటి రాత్రి అబహాలో గడిపి, తర్వాత పైకి వెళ్లడం మేలు.
- ఘాట్ దారుల్లో దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగాలి. వాన పడితే దారి మూసేస్తారు. మబ్బు దిగాక బయల్దేరవద్దు.
- కోతులకు తిండి పెట్టకండి, అది నిషిద్ధం. వంటింటి కిటికీ తెరిచి ఉంచితే అవే వచ్చి తీసుకుంటాయి.
- నిర్మాణ పనుల వల్ల సౌదాలో కొన్ని చోట్లకు వెళ్లనివ్వకపోవచ్చు. కేబుల్ కార్లు నడుస్తున్నాయో లేదో ముందు రోజు కనుక్కోండి.
- జులైలో కూడా స్వెటర్లు కావాలి. ప్రెషర్ కుక్కర్ మరవకండి.
- అసీర్ ప్రాంతం జెద్దాలోని భారత కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. కాన్సులేట్ బృందాలు అబహా, ఖమీస్ ముషైత్‌లకు వచ్చి పాస్‌పోర్టు, ఇతర సేవలు అందిస్తుంటాయి. ఆ తేదీలు తెలిస్తే మీ ఇంటి హారిస్‌కు, దారిలో కలిసిన మనవాళ్లకు చెప్పండి. కొండ మీద ఉండేవాళ్లకు ఆ కబురు చేరడం కష్టం.
- ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెత్త మూటకట్టి పెట్టండి. మిగిలిన బియ్యం, పప్పు, పచ్చడి పారేయకుండా హారిస్‌కు ఇవ్వండి. ఆయన మనవాడే అయితే, పచ్చడి సీసా నిండుగా ఉండగానే ఇవ్వండి.